హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక మూడో నెలలో తల మీద చీము పొక్కులు: ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు?

కొత్త_కుదుళ్లు:
అందరికీ నమస్కారం. ఎఫ్‌యూఈ పద్ధతిలో (తల వెనక నుంచి కుదుళ్లని ఒక్కొక్కటిగా తీసి ముందు నాటేది) చేయించుకున్నాను, మూడో నెల నడుస్తోంది. మొదట్లో అంతా బాగానే ఉంది, పక్కులు రాలాయి, నాటిన వెంట్రుకలు కూడా రాలిపోయాయి, అలా రాలతాయని ముందే చెప్పారు కాబట్టి దానికి టెన్షన్ పడలేదు. ఇప్పుడు కొత్త బాధ మొదలైంది. నుదుటి పైన నాటిన చోట చిన్న చిన్న ఎర్ర పొక్కులు, కొన్నింటి కొనలో తెల్లగా చీము కనిపిస్తోంది. వెనక గ్రాఫ్టులు (నాటడానికి తీసే కుదుళ్లు) తీసిన చోట కూడా అక్కడక్కడా గట్టిగా చేతికి తగులుతున్నాయి. దురద కొద్దిగా ఉంది, ముట్టుకుంటే నొప్పి, జ్వరం మాత్రం లేదు. క్లినిక్‌కి ఫోటోలు పంపిస్తే "మామూలే, తగ్గిపోతుంది" అని ఒక్క ముక్క జవాబు. సరే మామూలే అనుకుందాం, తగ్గేదాకా ఇంట్లో ఏం చేయాలో చెప్పాలి కదా? గిల్లొచ్చా? షాంపూ మార్చాలా? అన్నిటికంటే ముఖ్యం, వీటి వల్ల నాటిన గ్రాఫ్టులు పోతాయా? రాత్రిళ్లు అదే ఆలోచన.

రెండో_పంట:
తమ్ముడూ, ముందు చివరి ప్రశ్నకి జవాబు, నీకు నిద్ర పట్టాలి కాబట్టి. పైపైన వచ్చే పొక్కుల వల్ల మామూలుగా గ్రాఫ్ట్ పోదు. గ్రాఫ్ట్ పొడవు 4 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, వెంట్రుకని మళ్లీ మళ్లీ మొలిపించే మూలకణాలు అందులో మధ్య భాగంలో ఉంటాయి, నూనె గ్రంథికి కాస్త కింద. నీకు కనిపిస్తున్న తెల్ల కొన ఆ కుదురు నోటి దగ్గరి వాపు మాత్రమే. ఆ వాపు లోతుకి దిగి, రోజుల తరబడి అలాగే ఉండి, సెగ్గడ్డలా మారితే అప్పుడు మచ్చ పడి వెంట్రుక శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. నేను రెండుసార్లు చేయించుకున్నవాణ్ణి, రెండుసార్లూ ఇవి వచ్చాయి, రెండుసార్లూ జుట్టు వచ్చింది. గిల్లడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు చేతులు మాత్రం తల మీద నుంచి తియ్యి.

ఓటీ_టెక్నీషియన్:
నేను ఈ ఆపరేషన్లలో గ్రాఫ్టులు నాటే టీమ్‌లో పని చేస్తాను. డాక్టర్‌ని కాదు, కాబట్టి మందుల గురించి చెప్పను, అసలు ఇవి ఎందుకొస్తాయో చెప్తాను, అది తెలిస్తే సగం భయం పోతుంది.

ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వచ్చే పొక్కులన్నీ ఇన్ఫెక్షన్ కాదు. సూక్ష్మజీవి ఏదీ లేకుండానే చీము కనపడొచ్చు. నాటిన వెంట్రుక రాలిపోయాక కుదురు కొన్నాళ్లు విశ్రాంతిలో ఉంటుంది కదా, తర్వాత మళ్లీ మొలిచేటప్పుడు కొత్త వెంట్రుక చాలా సన్నగా ఉంటుంది, పైన చర్మం మూసుకుపోయి ఉంటుంది. బయటికి దారి దొరక్క చర్మం కిందే వంకర తిరుగుతుంది. ఒంట్లో రక్షణ వ్యవస్థకి అది బయటి వస్తువులా కనిపిస్తుంది, వెంటనే వాపు, ఎరుపు, చీము. రెండు నుంచి ఆరు నెలల మధ్య ఎక్కువమందికి వచ్చే పొక్కులు ఇవే. రింగుల జుట్టు, మందమైన జుట్టు ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ.

రెండో కారణం మా చేతిలో ఉండేది. గ్రాఫ్ట్‌ని మరీ లోతుగా నాటితే దానితో పాటు వెళ్లిన పై చర్మం ముక్క లోపల పూడుకుపోతుంది, అక్కడ చిన్న తిత్తి లాంటి గడ్డ కడుతుంది. ఒక్కోసారి ఒకే రంధ్రంలో ఒక గ్రాఫ్ట్ మీద ఇంకొకటి పడుతుంది, కింది దానికి దారి ఉండదు. వెనక భాగంలో అయితే పంచ్‌తో (గ్రాఫ్టులు కోసి తీసే చిన్న గొట్టం లాంటి పరికరం) తీసేటప్పుడు తెగిపోయిన వెంట్రుక ముక్కలు లోపలే మిగిలిపోవచ్చు, లేదా గ్రాఫ్ట్ బయటికి రాకుండా లోపలికి జారిపోవచ్చు. కొత్త_కుదుళ్లు గారూ, మీకు వెనక గట్టిగా తగులుతున్నవి అలాంటివి కావచ్చు. ఇలాంటి గడ్డ ఒకే చోట నెలల తరబడి కదలకుండా ఉంటే డాక్టర్ చిన్న కోత పెట్టి లోపలున్నది తీసేస్తారు, పెద్ద పనేమీ కాదు. ఇంట్లో సూదితో మాత్రం ప్రయత్నించకండి.

మూడోది నిజమైన ఇన్ఫెక్షన్. ఎక్కువగా స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే బాక్టీరియా, చాలామంది ముక్కులో అది మామూలుగానే కాపురం ఉంటుంది. ముక్కులో వేలు, అదే వేలితో తల గోక్కోవడం, ఇక చెప్పేదేముంది.

పల్చటి_తల:
నాకు నాలుగో నెలలో వచ్చాయి. ఇంట్లో ఎప్పుడో పంటినొప్పికి ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు మిగిలి ఉంటే వేసుకున్నా, మూడు రోజుల్లో తగ్గిపోయాయి. రాత్రి పడుకునే ముందు నూనె పట్టించి మర్దన కూడా చేశా, మాడు మెత్తబడి వెంట్రుక బయటికి వస్తుందని. మీరంతా ఊరికే భయపెడుతున్నారు గానీ చాలా సింపుల్ విషయం ఇది.

మందుల_కౌంటర్:
పల్చటి_తల గారూ, మీకు తగ్గినందుకు సంతోషం, కానీ ఇది చదివి నలుగురు అలాగే చేస్తారు కాబట్టి చెప్పక తప్పదు. నేను ఫార్మసిస్టుని.

పై పోస్టులో చెప్పినట్టు ఇవి చాలావరకు ఇన్ఫెక్షన్ కాని పొక్కులు. అవి వాటంతట అవే కొద్దిరోజుల్లో తగ్గుతాయి. మీరు మాత్ర వేసుకున్న రోజుల్లోనే తగ్గాయి కాబట్టి పేరు మాత్రకి వెళ్లింది. పంటికి ఇచ్చే మందు చర్మం మీది స్టాఫిలోకోకస్ మీద పని చేస్తుందనే నమ్మకం లేదు, పైగా మిగిలిన రెండు మూడు మాత్రలు వేసి ఆపేయడమంటే మందుకి లొంగని బాక్టీరియాని మనమే తయారు చేసుకోవడం. ఇంకో ఇబ్బంది, రేపు నిజంగా ముదిరితే డాక్టర్ చీము తీసి కల్చర్‌కి (అందులో ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) పంపుతారు, మీరు ముందే యాంటీబయాటిక్ వేసుకుని ఉంటే ఆ పరీక్షలో ఏమీ పెరగకపోవచ్చు.

నూనె సంగతి. మూసుకుపోయిన కుదురు మీద ఇంకో మూత పెట్టడమే అది. మర్దన ఇంకా చెడ్డది, ఒక పొక్కులోని చీముని పక్క కుదుళ్లకి రుద్దినట్టు అవుతుంది. దానికి తోడు మలసీజియా అనే ఫంగస్ ఉంది, చుండ్రుకి కారణమయ్యేది, దానికి నూనె తిండి. పొక్కులు ఉన్నన్నాళ్లు నూనె, జెల్, హెయిర్ క్రీమ్, నున్నగా నిగనిగలాడించే సీరమ్‌లు అన్నీ పక్కన పెట్టండి. టీ ట్రీ నూనె మంచిదని కొందరు రాస్తారు, పల్చన చేయకుండా నేరుగా పూస్తే చర్మం కాలినట్టు అయ్యి అసలు పొక్కేదో, మంట వల్ల వచ్చినదేదో తెలియకుండా పోతుంది.

పల్చటి_తల:
సరే బాబాయ్, నూనె విషయంలో ఒప్పుకుంటా. మాత్ర సంగతి మాత్రం నా అనుభవం నాది 😄

మందుల_కౌంటర్:
మీ అనుభవం మీదే ఉంచుకోండి, మాత్రల పేరు మాత్రం ఇక్కడ రాయకండి 😄

కొత్త_కుదుళ్లు:
టెక్నీషియన్ గారూ, చాలా థాంక్స్, ఇంత వివరంగా క్లినిక్ వాళ్లు చెప్పి ఉంటే ఇక్కడికి వచ్చేవాణ్ణే కాదు. ఇప్పుడు అసలు విషయం, రోజూ ఏం చేయాలి? కాపడం పెట్టమని ఎక్కడో చదివాను. ఎంత వేడి, ఎంతసేపు?

రెండో_పంట:
నేను చేసేది చెప్తాను, మా చర్మవ్యాధుల డాక్టర్ చెప్పిందే.

శుభ్రమైన మెత్తటి గుడ్డ, గోరువెచ్చటి నీళ్లు. గుడ్డ తడిపి, పిండి, పొక్కు ఉన్న చోట ఊరికే ఆనించాలి, అదమొద్దు, రుద్దొద్దు. 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. చల్లారితే మళ్లీ ముంచుకోవాలి. వాడిన గుడ్డ మళ్లీ ఉతక్కుండా వాడొద్దు, ఇంట్లో ఇంకొకరు ఆ గుడ్డ ముట్టుకోవద్దు. ఈ కాపడం వల్ల మూసుకుపోయిన నోరు మెత్తబడి చీము దానంతట అదే కారిపోతుంది, కొన్నిసార్లు చిక్కుకున్న వెంట్రుక కూడా పైకి లేస్తుంది. అలా కారినప్పుడు శుభ్రమైన దూదితోనో గాజుగుడ్డతోనో అద్ది పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోవడమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలామంది చెప్పరు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత మాడు మొద్దుబారి ఉంటుంది, స్పర్శ పూర్తిగా రావడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. తలకి గోరువెచ్చగా అనిపించిన నీళ్లు నిజానికి కాలే వేడిలో ఉండొచ్చు. అందుకని వేడి ఎప్పుడూ మణికట్టు లోపలి వైపు చూసుకోవాలి. హీటింగ్ ప్యాడ్‌లు, వేడి నీళ్ల సంచులు అసలు వద్దు. హెయిర్ డ్రైయర్ కూడా చల్లగాలి మీదే.

ఇంకొకటి, ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో ఉన్నవాళ్లు ఇది చదివి కాపడం మొదలుపెట్టకండి. గ్రాఫ్ట్ పట్టుకోవడానికే 9, 10 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పొక్కు వస్తే ఫోన్ తీసి క్లినిక్‌కి చెప్పడమే, సొంత వైద్యం ఏదీ వద్దు.

గోళ్లు_కత్తిరించాను:
నా పేరే నా కథ. అందరూ గిల్లొద్దంటారు, కానీ పైన తెల్లగా పండి, రేపో మాపో పగిలిపోయేలా ఉన్నదాన్ని కొద్దిగా నొక్కితే తప్పేంటి? కొందరు సర్జన్లు వీడియోల్లో వాళ్లే శుభ్రమైన సూదితో గిచ్చి చీము తీస్తారు కదా.

ఓటీ_టెక్నీషియన్:
వాళ్లు గిచ్చడానికీ మనం గిచ్చడానికీ తేడా ఉంది బ్రో. స్టెరైల్ సూది కొనతో పై పొరని మాత్రం తెరుస్తారు, నొక్కరు. మనం రెండు వేళ్లతో నొక్కితే చీము పైకి ఎంత వస్తుందో లోపలికీ అంత పోతుంది. చర్మం లోపల కుదురు గోడ పగిలితే లోపలి కెరటిన్ (వెంట్రుక, చర్మం పై పొర తయారయ్యే పదార్థం) చుట్టూ చిందుతుంది, అప్పుడు చిన్న పొక్కు కాస్తా పెద్ద గడ్డ అవుతుంది. పండినదైతే కాపడం పెడితే చాలు, ఒకటి రెండు రోజుల్లో అదే తెరుచుకుంటుంది. వెంట్రుక ఉచ్చులా పైకి లేచి కనిపిస్తున్నా పట్టకారుతో పీకొద్దు, కొత్త వెంట్రుక అది, దానికోసమే కదా ఇదంతా.

దువ్వెన:
మా వారి గురించి అడగాలి. ఆయనకి చేయించి అయిదో నెల. ఇలాగే పొక్కులొస్తే ఒక డాక్టర్ గారు యాంటీబయాటిక్ లోషన్, మాత్రలు ఇచ్చారు. మొదట కొంచెం తగ్గినట్టే ఉండి, తర్వాత రెట్టింపయ్యాయి. ఇప్పుడు అన్నీ ఒకే సైజులో, ఆవగింజలంత, నుదురు అంచు దాకా వచ్చేశాయి. నొప్పి కంటే దురదే ఎక్కువ, చెమట పడితే ఇక కూర్చోలేరు. మందు మార్చాలా, డోసు పెంచాలా?

మందుల_కౌంటర్:
అమ్మా, మీరు చెప్పిన గుర్తులు చూస్తే డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న వేరే. అన్నీ ఒకే సైజు, దురద ఎక్కువ, చెమటకి పెరగడం, యాంటీబయాటిక్ వాడుతుంటే ఇంకా ఎక్కువ కావడం, ఇవి ఫంగస్ వల్ల వచ్చే పొక్కుల లక్షణాలు. నేను పైన చెప్పిన మలసీజియానే. యాంటీబయాటిక్ దానితో పోటీపడే బాక్టీరియాని చంపేస్తుంది, దాంతో ఫంగస్‌కి ఇల్లంతా ఖాళీ చేసి ఇచ్చినట్టవుతుంది. "ఇది ఫంగస్ కావచ్చా, పరీక్ష చేస్తారా" అని సూటిగా అడగండి. పొక్కు నుంచి కొద్దిగా తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే తెలిసిపోతుంది.

దీనికి మామూలుగా మొదట వాడేది 2 శాతం కీటోకోనజోల్ షాంపూ, వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. నురగ రాగానే కడిగేస్తే ప్రయోజనం లేదు, 3 నుంచి 5 నిమిషాలు తల మీద ఉండనిచ్చి తర్వాత కడగాలి. అయితే ఫంగస్ కుదురు లోతుల్లో ఉంటే షాంపూ అక్కడిదాకా చేరదు, అప్పుడు నోటి ద్వారా వేసుకునే ఫంగస్ మాత్రలు ఇస్తారు, అవి డాక్టర్ రాసి ఇచ్చి తీరాలి, ఎందుకంటే వేరే మందులతో గొడవ పడే రకం.

ఇప్పుడు వాడుతున్న యాంటీబయాటిక్ మాత్రలు మీరే ఆపేయకండి, ఫోన్ చేసి చెప్పి, వాళ్లు ఆపమంటే ఆపండి. ఇంకో మాట, దురద తగ్గుతుందని స్టెరాయిడ్ కలిసిన క్రీములు పూస్తుంటారు చాలామంది. మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు ఉంటాయే, అవి. రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ పండగ చేసుకుంటుంది.

దువ్వెన:
అయ్యో, సరిగ్గా ఆ ట్యూబే ఉంది మా ఇంట్లో. డాక్టర్ గారు రాసింది కాదు, ఎవరో స్నేహితుడు చెప్పాడట. తీసి పక్కన పెట్టేశాను. రేపే వెళ్తాం.

జిమ్_మానలేను:
చెమట మాట వచ్చింది కాబట్టి. నేను రోజూ వ్యాయామం చేస్తాను, మానమంటే కష్టం. పొక్కులున్నప్పుడు చేయొచ్చా? జుట్టు పెరగడానికి తలకి పూసే మినాక్సిడిల్ కూడా వాడుతున్నా, అది పూసిన దగ్గర నుంచే పెరిగినట్టు నాకు అనుమానం.

రెండో_పంట:
వ్యాయామం మానక్కర్లేదు, మూడో నెల దాటితే చెమట వల్ల గ్రాఫ్ట్‌కి ఏమీ కాదు. చెమట తల మీదే ఎండిపోనివ్వకు, అయిపోగానే కడుక్కో. టోపీ, తలకి బిగించే పట్టీలు వద్దు. స్విమ్మింగ్ పూల్ మాత్రం పొక్కులు ఆరేదాకా ఆపు, వేడి నీళ్ల తొట్లు అయితే మరీనూ, సరిగ్గా శుభ్రం చేయని వాటిలో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరుగుతుంది, దానివల్ల కూడా ఇలాంటి పొక్కులే వస్తాయి.

మందుల_కౌంటర్:
మినాక్సిడిల్ అనుమానం కొట్టిపారేసేది కాదు. ద్రవం రూపంలో వచ్చే వాటిలో మందుని కరిగించడానికి ప్రొపైలిన్ గ్లైకాల్ అనే ద్రావకం ఉంటుంది, కొందరి చర్మానికి అది పడదు. ఎరుపు, దురద, పొట్టు రాలడం, వాటితో పాటు పొక్కులు. నురగ రూపంలో వచ్చే మినాక్సిడిల్‌లో ఈ ప్రొపైలిన్ గ్లైకాల్ ఉండదు. మీ డాక్టర్‌ని అడిగి కొన్నాళ్లు ఆపి చూడండి, తగ్గితే నురగకి మారొచ్చు. చీముతో ఉన్న పొక్కుల మీద నేరుగా పూయడం మాత్రం ఈరోజే ఆపండి, చర్మం చిట్లిన చోట మందు మామూలు కంటే ఎక్కువ ఒంట్లోకి పోతుంది.

కొత్త_కుదుళ్లు:
షాంపూ సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. చిన్నపిల్లల షాంపూ వాడుతున్నా ఇప్పటిదాకా, క్లినిక్ ఇచ్చిందే. బెంజాయిల్ పెరాక్సైడ్, క్లోర్‌హెక్సిడిన్ అని ఏవేవో పేర్లు కనిపిస్తున్నాయి, వాటిలో ఏది?

మందుల_కౌంటర్:
ఏదో ఒకటి, అన్నీ కాదు. ఒకేసారి మూడు మొదలుపెడితే ఏది పని చేసిందో, ఏది మంట పెట్టిందో తెలీదు. మీకు ఉన్నవి కొద్దిపాటి పొక్కులే కాబట్టి, నన్నడిగితే ముందు మామూలు మెత్తటి షాంపూతోనే రోజూ తల కడుక్కోండి, కాపడం పెట్టండి, వారం పది రోజులు చూడండి. రోజూ తల కడిగితే జుట్టు రాలిపోతుందనే భయం అక్కర్లేదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్‌కి ఒక మంచి గుణం ఉంది, బాక్టీరియా దానికి అలవాటు పడిపోదు. కానీ తువ్వాళ్లు, దిండు గలీబుల రంగు తినేస్తుంది, జుట్టు రంగు కూడా. తెల్ల తువ్వాలు వాడండి. క్లోర్‌హెక్సిడిన్ కళ్లలో, చెవి లోపల అస్సలు పడకూడదు, నష్టం పెద్దది, అందుకే తలకి వాడాలంటే డాక్టర్ చెప్పాకే. పూసే మందుల్లో ముపిరోసిన్ 2 శాతం, క్లిండామైసిన్ 1 శాతం బాక్టీరియా పొక్కులకి రాస్తుంటారు. ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ జిడ్డుగా ఉంటుంది, జుట్టు ఉన్న చోట కష్టం, క్లిండామైసిన్ లోషన్ నయం. రెండూ చీటీ మీద కొనాల్సినవే. పొక్కులు మరీ ఎక్కువైతే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు, అవి బాక్టీరియాని ఆపడమే కాకుండా వాపుని కూడా తగ్గిస్తాయి. ఎవరికైనా అవి రాస్తే నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకండి, గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది. ఎండకి చర్మం కమిలిపోతుంది, అసలే కొత్త మాడు. కాల్షియం, ఐరన్ మాత్రలు అదే సమయంలో వేసుకోవద్దు. గర్భిణులకి పనికిరాదు.

షుగర్_ఉన్నవాడు:
ఇక్కడ అందరూ "తగ్గిపోతుంది" అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఉండాలని రాస్తున్నా. నాకు మధుమేహం ఉంది. రెండో నెలలో నాకూ చిన్న పొక్కులే మొదలయ్యాయి, చేయించుకున్న చోట అడిగితే ఇలాగే మామూలే అన్నారు, వాళ్లకి నా షుగర్ సంగతి తెలుసు కూడా. రెండు రోజుల్లో ఒకటి గోళీ అంత అయ్యింది, చుట్టూ ఎరుపు పాకింది, వేడిగా ఉండేది, మెడ వెనక బిళ్ల కట్టింది, రాత్రి చలి జ్వరం. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్తే చీము తీసి కల్చర్‌కి పంపి, మందులు మొదలుపెట్టి, ముందు షుగర్ పరీక్ష చేయించారు. షుగర్ ఎక్కువగా ఉంది. అది అదుపులోకి వచ్చాకే పుండు మానింది. అక్కడ చిన్న మచ్చ ఉంది, ఆ మేర జుట్టు రాలేదు. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు పది రోజులు ఇంట్లో చూద్దాం అనే లెక్క పెట్టుకోకండి. మొదటి రోజే వెళ్లండి.

ఓటీ_టెక్నీషియన్:
ఇది అందరూ చదవాలి. దీనికి కలుపుతున్నా, ఇవి కనిపిస్తే ఎవరైనా సరే ఆగకూడదు: జ్వరం, పాకుతున్న ఎరుపు, రోజురోజుకీ పెరిగే సలపరం, చెడు వాసన వచ్చే చీము, నాటిన చోట చర్మం నల్లబడటం, కంటి చుట్టూ నొప్పితో కూడిన ఎర్రటి వాపు. మొదటి వారంలో నుదురు, కళ్ల దగ్గర నొప్పి లేని ఉబ్బు రావడం వేరు, అది లోపల ఎక్కించిన ద్రవం కిందికి దిగడం వల్ల వస్తుంది, అదే పోతుంది. నల్లబడటం అంటే అక్కడికి రక్తం అందట్లేదని అర్థం కావచ్చు, ఫోటో పంపి జవాబు కోసం కూర్చునే సమయం కాదు.

తొందరేమీ లేకపోయినా నిర్లక్ష్యం చేయకూడనిది ఇంకొకటి ఉంది. నెలల తరబడి తగ్గుతూ మళ్లీ వస్తూ, తగ్గిన చోట నున్నగా మెరిసే మచ్చ పడుతూ, ఒకే రంధ్రం నుంచి వెంట్రుకలు గుత్తిగా వస్తుంటే అది ట్రాన్స్‌ప్లాంట్ పొక్కు కాకపోవచ్చు. మచ్చలు మిగిల్చే వేరే జబ్బులు ఉన్నాయి, ఫోలిక్యులైటిస్ డికాల్వన్స్ లాంటివి. చిన్న చర్మం ముక్క తీసి బయాప్సీ చేస్తే గానీ తేలదు. వాటిని ఎంత త్వరగా పట్టుకుంటే అంత జుట్టు మిగులుతుంది.

గోళ్లు_కత్తిరించాను:
షుగర్_ఉన్నవాడు గారి పోస్టు చదివాక నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. నొక్కను.

దువ్వెన:
వెళ్లొచ్చాం. పొక్కు గీకి చూశారు, ఫంగసే అన్నారు. షాంపూ, మాత్రలు ఇచ్చారు, యాంటీబయాటిక్ ఆపమన్నారు. ఆ ట్యూబు ఎన్నాళ్లు పూశారని అడిగితే మా వారు నా వైపు చూశారు. దిండు గలీబు రోజు విడిచి రోజు మార్చమన్నారు, ఆ డ్యూటీ కూడా ఆయనకే అప్పగించాను. మందుల_కౌంటర్ గారికి ధన్యవాదాలు, ఆ ప్రశ్న మీరు చెప్పకపోతే ఇంకో లోషన్ తెచ్చుకుని వచ్చేవాళ్లం.

కొత్త_కుదుళ్లు:
నాది కూడా చెప్తా. కాపడం, రోజూ తలస్నానం, ఇంకేమీ చేయలేదు. ముందువైపు పొక్కులు చాలావరకు ఆరిపోయాయి. ఒకటి ఆరిన చోట సన్నటి నల్ల వెంట్రుక బయటికి వచ్చి ఉంది, అద్దం ముందు దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడిపోయా, నవ్వకండి. మళ్లీ కొత్తవి ఒకటీ అరా వస్తున్నాయి, అది మామూలేనా? వెనక గట్టిగా ఉన్నదొకటి మాత్రం అలాగే ఉంది, నొప్పి లేదు.

రెండో_పంట:
విడతలు విడతలుగానే వస్తాయి తమ్ముడూ, వెంట్రుకలన్నీ ఒకేసారి మొలవవు కదా. ప్రతి విడతకీ ముందు దానికంటే తక్కువ ఉంటే సరైన దారిలో ఉన్నట్టే. పెరుగుతుంటే వెళ్లి చూపించు. వారానికోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీసిపెట్టుకో, డాక్టర్‌కి అది మన మాటల కంటే బాగా పనికొస్తుంది. వెనకది నొప్పి లేకపోతే కంగారు లేదు గానీ వచ్చే చెకప్‌లో చేత్తో తాకి చూడమని అడుగు, ఫోటోలో గడ్డ తెలీదు.

కొత్త_కుదుళ్లు:
అలాగే అన్నా. చివరిగా ఒకటి, వెనక జుట్టు బాగా పెరిగి అసహ్యంగా ఉంది. కటింగ్ చేయించుకోవచ్చా? హెల్మెట్ కూడా పెట్టుకోవాలి రోజూ.

ఓటీ_టెక్నీషియన్:
కత్తెరతో అయితే చేయించుకోండి. పొక్కులు ఉన్న చోట ట్రిమ్మర్ సున్నా నంబర్, రేజర్ రెండూ వద్దు, మరీ పొట్టిగా కోస్తే వెంట్రుక మొన చర్మం లోపలికే తిరిగి కొత్త పొక్కులు తెస్తుంది. దువ్వెన, కత్తెర ముందే శుభ్రం చేయించండి, సొంతవి తీసుకెళ్తే ఇంకా మంచిది. హెల్మెట్ మానకండి, పొక్కు కంటే తల ముఖ్యం. లోపల పల్చటి కాటన్ గుడ్డ వేసుకుని రోజూ మార్చండి, హెల్మెట్ లోపలి మెత్త ఊడదీయగలిగేదైతే వారానికోసారి ఉతకండి, ఇంకొకరి హెల్మెట్ మాత్రం పెట్టుకోవద్దు.